అమ్మ మళ్లీ పెళ్లి: కాగితాల వైపు నుంచి నా అనుభవం

అరవై దాటిన తల్లికి తోడు దొరికిందని తెలిశాక ఇంట్లో వారాల తరబడి నలిగే మాట ఒకటే: నలుగురూ ఏమంటారు? ఆ నలుగురూ రెండు పండగలు మాట్లాడుకుని మర్చిపోతారు. కూర్చుని తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఆమెకొచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఏమవుతుంది, ఉంటున్న ఇల్లు ఎవరి పేరున ఉంది, ఆస్పత్రిలో సంతకం ఎవరు పెడతారు. ఈ మూడూ పెళ్లికి ముందే తేలిపోతే ఆ తర్వాత వాళ్ల బతుకు వాళ్లు హాయిగా బతుకుతారు. పిల్లలు చేయాల్సింది ఆఫీసుల చుట్టూ తిరగడం. నిర్ణయం వాళ్లది.

మా అమ్మ, మాస్టారు కలిసింది చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, సాయంత్రం కార్యక్రమాల దగ్గర. నాన్న రాష్ట్ర ప్రభుత్వంలో చేసి, రిటైరయ్యాక పోయారు. మాస్టారు పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి, భార్య లేరు. ఇద్దరి పిల్లలూ ఎదిగి ఎవరి సంసారాలు వాళ్లు చేసుకుంటున్నారు. అమ్మ ఇప్పుడు లేదు. ఆమె చివరి ఏళ్లు నిశ్చింతగా గడవడానికి ఏ కాగితం ఎక్కడ పనికొచ్చిందో, ఇదే పనిలో దిగబోయేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు పెన్షన్. భర్త ఉద్యోగం మీద భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఆమె చనిపోయేదాకా, లేదా మళ్లీ పెళ్లి చేసుకునేదాకా. రాష్ట్ర నిబంధనల్లోనూ కేంద్ర నిబంధనల్లోనూ ఇంతే. ప్రైవేటు ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్ 1995) కింద వితంతువుకు ఇచ్చే పెన్షన్‌కీ ఇదే షరతు. కేంద్రంలో పిల్లలు లేని వితంతువుకు మాత్రం ఒక మినహాయింపు ఉంది, అదీ ఆమె ఇతర ఆదాయం పరిమితి దాటనంతవరకే. పిల్లలున్న తల్లికి అది వర్తించదు.

ఇక్కడే ఎవరో ఒకరు అడ్డదారి చెబుతారు. గుళ్లో దండలు మార్చుకోండి, రిజిస్టరు చేయించకండి, పెన్షన్ ఆగదు అని. రిజిస్టరు కాని పెళ్లి కూడా పెళ్లే. పెన్షన్ తీసుకునేవాళ్లు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో అడిగేది మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని మాత్రమే, రిజిస్టరు ఊసే ఉండదు. అక్కడ లేదని చెప్పి నెలనెలా డబ్బు తీసుకుంటే, రేపు ఆస్తి దగ్గర మాట పడినప్పుడు ఆ దండల ఫొటో పట్టుకుని ఫిర్యాదు చేసేది సొంత బంధువే. పెళ్లి రోజు నుంచి తీసుకున్నదంతా వెనక్కి కట్టాల్సి వస్తుంది.

నిఖార్సైన దారులు రెండు. ఒకటి, పెళ్లి ఊసెత్తకుండా కలిసి ఉండటం. హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు తోడు కుదిర్చే 'తోడు నీడ' లాంటి సంస్థల ద్వారా కలిసినవాళ్లలో ఈ దారి పట్టేవాళ్లు ఉన్నారు. పెన్షన్ పోదు. కానీ ఆస్పత్రి ఫారంలో 'పేషెంటుకు మీరేమవుతారు' అనే గడి దగ్గర, అసోసియేషన్ మీటింగులో, మనిషి పోయాక ఇంటి దగ్గర ఇబ్బంది వస్తుంది. రెండోది, పెళ్లి చేసుకుని పెన్షన్ వదులుకోవడం.

ఏది మేలో తెలియడానికి మూడు అంకెలు కాగితం మీద పెట్టాలి: ఆమెకిప్పుడు వస్తున్న ఫ్యామిలీ పెన్షన్, ఆయన పెన్షన్, ఆయన తర్వాత ఆమెకు రాబోయే ఫ్యామిలీ పెన్షన్. కేంద్రంలో మామూలు ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం, దాని మీద డీఏ. రిటైరయ్యాక చేసుకున్న భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రాదనే అపోహ ఇంకా ఉంది. రిటైర్మెంటు తర్వాతి పెళ్లి అన్న కారణంతో కాదనకూడదని సుప్రీంకోర్టు 1989లో భగవంతి కేసులో తేల్చింది. మాస్టారి పెన్షన్ ఇద్దరికి సరిపోయేది, ఆయన తర్వాత అమ్మకు వచ్చేదీ తక్కువేం కాదు. అందుకే పెళ్లి. ఆయనకు పెన్షనే లేకపోయి, ఆమె బతుకు ఆ ఫ్యామిలీ పెన్షన్ మీదే నడుస్తుంటే, కలిసి ఉండటమే మంచిదని నేనైతే చెబుతాను. మరొకటి చూసుకోవాలి: ఇంట్లో సంపాదించుకోలేని వికలాంగ బిడ్డ ఉంటే, తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నప్పుడు ఆ పెన్షన్ ఆ బిడ్డకు మళ్లే వీలుంటుంది. వదులుకునే ముందే ఆ దరఖాస్తు సిద్ధం చేసుకోవాలి.

ఇక పెళ్లి ఏ చట్టం కింద? ఇద్దరూ హిందువులైతే గుళ్లోనో ఆర్యసమాజ్‌లోనో చేసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించుకోవచ్చు. ముందస్తు నోటీసు ఉండదు, త్వరగా అవుతుంది. కానీ హిందూ వివాహానికి ఆధారం క్రతువు. క్రతువు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్ ఒక్కదానితో పెళ్లి అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. మంగళసూత్రం, జీలకర్ర బెల్లం తమకు వద్దని ఇద్దరూ అన్నారు కాబట్టి మాకు మిగిలింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరూ హిందువులే కాబట్టి, ఈ చట్టం కింద చేసుకున్నా వారసత్వం మాత్రం హిందూ వారసత్వ చట్టం ప్రకారమే నడుస్తుంది. ఇది 1976 సవరణ.

ఈ చట్టం కింద నడక ఇలా ఉంటుంది. ఇద్దరిలో ఒకరైనా నోటీసు ఇచ్చే తేదీకి ముందు కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. హైదరాబాద్‌లో ఇదే మొదటి మెలిక. చిక్కడపల్లి హైదరాబాద్ జిల్లా, మల్కాజిగిరి, ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లా. ఊరు ఒకటే అయినా జిల్లా మారితే నోటీసు కాపీ రెండో జిల్లా అధికారికి కూడా వెళ్తుంది, అక్కడా అతికిస్తారు. కొడుకు దగ్గర ఉంటున్న పెద్దవాళ్ల ఆధార్‌లో ఇంకా సొంతూరి చిరునామానే ఉంటుంది. ముందు దాన్ని మార్పించుకోవాలి.

నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి. ఆఫీసు బోర్డు మీద పేర్లు, వయసులు, చిరునామాలు కనబడతాయి. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. దాన్ని ఆపలేం కాబట్టి చెప్పాల్సిన వాళ్లందరికీ నోటీసు ఇవ్వకముందే చెప్పేయడం మేలు. అభ్యంతరం ఎవరైనా చెప్పవచ్చు కానీ కారణాలు చట్టంలో ఉన్నవే కావాలి: బతికున్న భార్య లేదా భర్త ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, వయసు చాలకపోవడం, పెళ్లికి కుదరని రక్తసంబంధం. ఆస్తి పోతుందని, పరువు పోతుందని ఇచ్చే కాగితం చెల్లదు. అయితే మతిస్థిమితం అనే మాట పెద్దవాళ్ల విషయంలో దుర్వినియోగమవుతుంది. మతిమరుపు ఉందని ఒక బంధువు రాసిస్తే విచారణ జరపాలి, దానికి ఇంకో 30 రోజుల వరకూ పట్టవచ్చు. డాక్టరు దగ్గర జ్ఞాపకశక్తి, అవగాహన బాగున్నాయని ముందే ఒక సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టుకుంటే ఈ గొడవ ఒక్క పూటలో తేలుతుంది. నోటీసు మూడు నెలల పాటు చెల్లుతుంది. ఆ లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచి.

ఎక్కువ కాలం తినేది పాత భార్య లేదా భర్త మరణ ధ్రువపత్రం. ఇద్దరిదీ కావాలి. నగరంలో పోయినవాళ్లదైతే మీసేవలో దొరుకుతుంది. ఊళ్లో పోయి, నమోదే కాకపోతే అసలు చిక్కు. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయించాలంటే విచారణ జరిగి పై అధికారి ఉత్తర్వు రావాలి. పెళ్లి మాట అనుకున్న రోజే ఈ పని మొదలుపెట్టాలి. దొరికిన పత్రంలోనూ పేరు చూసుకోవాలి. పెన్షన్ కాగితాల్లో వెంకటేశ్వరరావు, మరణ పత్రంలో వెంకటేశ్వర్లు, ఆమె ఆధార్‌లో భర్త పేరు ఇనిషియల్‌తో. గుమస్తా కంటికి వీళ్లు ముగ్గురు మనుషులు. ముగ్గురూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చాలాచోట్ల పనిచేస్తుంది, పెన్షన్ దగ్గర మాత్రం అసలు రికార్డే దిద్దించమంటారు. పుట్టిన తేదీ కూడా అంతే. ఆధార్‌లో చాలామంది పెద్దవాళ్లు జనవరి 1నే పుట్టి ఉంటారు. పెళ్లికి అదేం అడ్డు కాదు గానీ, రేపు ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో ఒక తేదీ, ఆధార్‌లో మరో తేదీ ఉంటే ఆగిపోతుంది.

పెళ్లి రోజుకు ముగ్గురు సాక్షులు కావాలి, ఒరిజినల్ గుర్తింపు కార్డులతో. మా వైపు నుంచి ఒకరు, మాస్టారి వైపు నుంచి ఒకరు, బయటి మనిషి ఒకరు ఉండేలా చూశాం. రేపెప్పుడైనా 'మాకు తెలియకుండా చేశారు' అనే మాట రాదు. చాలా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు అద్దె భవనాల్లో ఉంటాయి, పై అంతస్తులైతే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. ముందే చూసి రావాలి. మరీ నడవలేని స్థితి ఉంటే, అదనపు రుసుము కట్టించుకుని దగ్గర్లోని మరో చోటికి అధికారి వచ్చి పెళ్లి జరిపించే వెసులుబాటు చట్టంలోనే ఉంది, అడగాలి అంతే. వయసు మీద పడ్డ వేళ్లకు ముద్రలు సరిగా పడవు. ముందు రాత్రి చేతులకు కొంచెం నూనె రాసి, పొద్దున సబ్బుతో కడిగి తుడుచుకుంటే కాస్త నయం.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చాలని ఎవరో సలహా ఇస్తారు. వద్దు. మార్చాలని ఏ చట్టమూ అనదు. పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు, ఫ్లాటు దస్తావేజు అన్నీ పాత పేరు మీద ఉన్న మనిషి ఈ వయసులో పేరు మార్చుకుంటే, మారిన ప్రతి కార్డుకూ మారని మరో కార్డు అడ్డం వస్తుంది. అమ్మ మా నాన్న ఇంటిపేరుతోనే ఉండిపోయింది. మాస్టారు దాని గురించి ఎన్నడూ మాట్లాడలేదు.

ఇక ఆస్తి. పెద్ద బంధువులు గట్టిగా చెప్పేది, మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోతుందని. ఆ మాట గాల్లోంచి రాలేదు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం పెళ్లికి అనుమతిస్తూనే, రెండో సెక్షనులో మొదటి భర్త నుంచి వచ్చిన ఆస్తిని తీసేసుకుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించిన నాటికి ఉన్నది ఆ చట్టమే. ఆ రోజుల్లో పోరాటమంతా బాల వితంతువుల కోసం. మనవలున్న వితంతువు గురించి ఎవరూ ఆలోచించిన కాలం కాదు. 1956 హిందూ వారసత్వ చట్టంతో భర్త వాటా భార్యకు సంపూర్ణ హక్కుగా వచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకున్నా అది పోదని సుప్రీంకోర్టు 2008లో చెరోటె సుగతన్ కేసులో తేల్చింది.

అసలు ప్రమాదం ఇంకోవైపు నుంచి వస్తుంది. మా ఫ్లాటు నాన్న పేరున ఉండేది, ఆయన వీలునామా రాయలేదు. కాబట్టి అమ్మకు, అన్నయ్యకు, నాకు తలా మూడో వంతు. అమ్మ కూడా వీలునామా లేకుండా పోతే ఆమె మూడో వంతు పిల్లలకూ, అప్పటి భర్తకూ సమానంగా పంచబడుతుంది. అంటే ఫ్లాటులో తొమ్మిదో వంతు మాస్టారిది, ఆయన తర్వాత ఆయన పిల్లలది. అమ్మాలంటే రెండు కుటుంబాల సంతకాలు కావాలి. ఇదే భయంతో చాలా ఇళ్లలో పెళ్లికి ముందే తల్లి చేత పిల్లలు గిఫ్ట్ డీడ్ రాయించుకుంటారు. అది మంచి పని కాదు. ఇల్లు చేయి దాటాక ఆమె సొంత ఇంట్లో అతిథి. తప్పనిసరై రాయాల్సి వస్తే, జీవితాంతం నివాస హక్కు తనదేనని, తనను చూసుకోవాలనే షరతు ఉందని దస్తావేజులోనే ఉండాలి. ఆ షరతు రాసి ఉంటేనే 2007 తల్లిదండ్రుల సంరక్షణ చట్టం 23వ సెక్షను కింద ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. ఇలాంటి ఒత్తిడి ఉన్న పెద్దవాళ్లకు సలహా చెప్పే హెల్ప్‌లైన్ నంబరు 14567.

మేం ఎంచుకున్నది వీలునామా. తన వాటా పిల్లలకు, మాస్టారికి ఆ ఫ్లాటులో బతికినంతకాలం ఉండే హక్కు అని అమ్మ రాసింది. కానీ అమ్మ రాయగలిగింది తన మూడో వంతు మీదే. మిగిలిన రెండు వంతులు మావి కాబట్టి, అదే నివాస హక్కు ఇస్తూ అన్నయ్య, నేను విడిగా ఒక దస్తావేజు రిజిస్టరు చేయించాం. ఇది చేయకపోతే ఆ వీలునామా వట్టి ఆశీర్వాదమే.

నివాస హక్కు అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే తగాదాలు అందులోంచే పుడతాయి. నెలనెలా మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, జీహెచ్ఎంసీ ఆస్తి పన్ను ఎవరు కట్టాలి, లిఫ్టు మార్చడం లాంటి పెద్ద ఖర్చు వస్తే వాటా ఎవరిది, ఆయన ఒక గది అద్దెకివ్వవచ్చా, చూసుకునే మనిషిని ఇంట్లో పెట్టుకోవచ్చా, వృద్ధాశ్రమానికో కొడుకు దగ్గరికో వెళ్లి ఇల్లు ఎంతకాలం తాళం వేసి ఉంటే హక్కు ముగిసినట్టు. మేం కరెంటు, మెయింటెనెన్స్ ఆయనకు, పన్ను, పెద్ద మరమ్మతులు మాకు పెట్టుకున్నాం. అద్దెకివ్వకూడదు, పనిమనిషిని పెట్టుకోవచ్చు అని రాశాం.

భర్త రెండో భార్యకు ఇలా జీవితకాలపు హక్కు రాసేటప్పుడు మాత్రం ఆయన పిల్లలు మంచి లాయరుకు చూపించుకోవాలి. భార్యకు భరణం కింద ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో మన ప్రాంతపు కేసే, వి. తులసమ్మ కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. ఏది భరణం కింద ఇచ్చినట్టు, ఏది కాదు అనే వాదన కోర్టుల్లో ఈనాటికీ నడుస్తోంది.

వీలునామాకు ఇద్దరు సాక్షులు, రాసినవాళ్లకంటే వయసులో చిన్నవాళ్లైతే మంచిది, లాభం పొందేవాళ్లు కాకూడదు. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించాలి. డాక్టరు ఉత్తరం అదే తేదీది ఉండాలి. హిందువులకు పెళ్లితో పాత వీలునామా రద్దవదు, కాబట్టి ఎప్పుడో రాసినది ఉంటే తీసి చూడాలి. క్రైస్తవులకు మాత్రం పెళ్లితో పాతది రద్దవుతుంది, వాళ్లు కొత్తది రాయాల్సిందే. బంగారం జాబితా రాసేటప్పుడు తులాలు వద్దు, గ్రాములు రాయండి. కొందరి తులం పది గ్రాములు, పాతవాళ్ల తులం పదకొండున్నర దాటుతుంది.

డబ్బు దగ్గర ఎవరి పొదుపు వాళ్ల పేరునే ఉంచి, ఇంటి ఖర్చుకు మాత్రం ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఒక జాయింటు ఖాతా పెట్టుకోవడం చాలు. అందులో రెండు మూడు నెలల ఖర్చుకు మించి ఉంచకూడదు. ఒకరు పోయాక ఆ ఖాతాలో ఉన్నది ఎవరిదనే లెక్క ఉండదు మరి. నామినీ అంటే వారసుడు కాదు, బ్యాంకు నుంచి తీసుకుని వారసులకు అందించాల్సినవాడు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా, ఎవరికి ఎంత శాతమో రాసి పెట్టవచ్చు. రెండు వైపులా పిల్లలున్న ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

సర్టిఫికెట్ చేతికి రాగానే అమ్మ పెన్షన్ ఇచ్చే ఆఫీసుకూ బ్యాంకుకూ ఉత్తరం ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోవాలి. ఆ తర్వాత కూడా ఒకటి రెండు నెలలు డబ్బు పడుతుంది. ముట్టుకోకూడదు, వెనక్కి అడుగుతారు. మాస్టారు తన ఆఫీసుకు పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరి ఫొటో, ఆమె ఆధార్, పాన్ ఇచ్చి ఆమె పేరు పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు)లో చేర్పించుకోవాలి. ఇది నెలలు పడుతుంది, వెంటపడాలి. ఆయన బతికుండగా అయితే సంతకంతో పోయే పని. ఆయన తర్వాతైతే ఆమె తిరగాలి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్ కార్డులో భార్యగా చేర్పించడం దీనికంటే తేలిక.

ఆస్పత్రి సంగతి చివరికి వదిలేస్తారు, మొదట అక్కరకొచ్చేది అదే. ఐసీయూ బయట భర్త, కొడుకు, కూతురు ముగ్గురూ ఉంటే ఎవరి మాట చెల్లాలి? అమ్మ ముందే చెప్పింది: రోజువారీ నిర్ణయాలు మాస్టారివి, వెంటిలేటరు లాంటి విషయంలో ఆయనా నేనూ కలిసి. దీనికి 2018 కామన్ కాజ్ తీర్పు ప్రకారం ముందస్తు వైద్య ఆదేశం రాసుకోవచ్చు. 2023లో సుప్రీంకోర్టు దాన్ని సులభం చేశాక ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. కాపీ ఒకటి ఇంటి ఫైల్లో, ఒకటి డాక్టరు దగ్గర, ఒకటి ఫోనులో.

అమ్మ పోయినప్పుడు కర్మ అన్నయ్య చేశాడు. మాస్టారు పక్కన కూర్చున్నారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో అమ్మే బతికుండగా చెప్పి పెట్టింది కాబట్టి పురోహితుడి దగ్గర చర్చ జరగలేదు. మరణ నమోదుకు గడువు 21 రోజులు. ఆస్పత్రిలో పోతే రిపోర్టు వాళ్లే పంపుతారు, కానీ అందులో భర్త పేరు గడిలో ఏం రాస్తున్నారో పక్కన నిలబడి చూడాలి. పాత ఆధార్ చూసి నాన్న పేరు ఎక్కించేస్తారు, తర్వాత దిద్దించడానికి పెళ్లి సర్టిఫికెట్ పట్టుకుని తిరగాలి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మాస్టారి పేరు, మా ఇద్దరి పేర్లు మూడూ ఉండాలి. ఆయన పేరు వదిలేసి తెచ్చుకున్న సర్టిఫికెట్ అబద్ధపు పత్రం, తర్వాత బ్యాంకులో ఎదురు తిరుగుతుంది.

మాస్టారు ఆ ఫ్లాటులోనే ఉంటున్నారు. అమ్మ పేరు పీపీవో నుంచి తీయించమని ఆయన ఆఫీసుకు మరణ పత్రం ఇచ్చాం. ఆస్తి పన్ను ఏటా రెండు దఫాలు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి అన్నయ్య కడతాడు. మెయింటెనెన్స్ మాస్టారు నెల మొదట్లోనే కట్టేసి, రసీదు ఫొటో మాకు పంపిస్తారు.